సంగమ్మ కుర్చీ

ఎవరూ ఎవరినీ నెట్టలేదు. నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. చేవెళ్ల రోడ్డు పక్కన మా పంచాయతీ ఆఫీసులో సర్పంచ్‌గా ప్రమాణం చేసి సంగమ్మ కుర్చీలో కూర్చుంది. అజీజ్‌నగర్ ఫాంహౌసుల్లో గడ్డి పీకే మనిషి. సీటు రిజర్వేషన్‌లో వస్తే మా మాదిగవాడ మొత్తం కూలి మానుకొని ఓటేసి గెలిపించుకుంది. అప్పుడే పటేల్ మల్లేశ్ లోపలికి వచ్చాడు. ఆ ఇంటివాళ్లు వస్తే లేచి నిలబడటం మా తాతల నాటి అలవాటు. సంగమ్మ లేచింది. మేమూ లేచాం. ఖాళీ అయిన కుర్చీలో ఆయన కూర్చున్నాడు, మళ్లీ దిగలేదు.

ఆ రోజు నుంచి సంగమ్మ చోటు తలుపు పక్క బల్ల. పేరు ఆమెది, పెత్తనం ఆయనది. ఆ పెత్తనం చివరికి మా శ్మశానం దాకా వచ్చింది. అక్కడికి పోయే బాటకు అడ్డంగా రిసార్టు వాళ్లు గోడ కట్టుకుంటారట. గ్రామసభలో మల్లేశ్ ఒప్పిస్తాడట. చచ్చినా మాకు దారి లేదన్నమాట.

వాడలో మీటింగ్ పెట్టుకున్నాం. చేవెళ్లలో డిగ్రీ చదివే సంగమ్మ బిడ్డ కావ్య, కాలేజీలో నేర్చుకున్న ఇంగ్లిష్ మాట ఒకటి చెప్పింది.

"యూసర్ప్ అంటరు. హక్కు లేనోడు ఇంకొకరి అధికారం గుంజుకొని ఏలుడు. మా పుస్తకంల సేనాపతి రాజును దించి గద్దెనెక్కుతడు. ఈడ పటేల్ మా అమ్మ కుర్చీని యూసర్ప్ చేసిండు."

భిక్షం పెదవి విరిచాడు. అతని తల్లి లచ్చవ్వ అప్పటికే మంచం పట్టి ఉంది. "గుంజుకున్నదెక్కడ బిడ్డా? మీ అమ్మ లేచింది, ఆయన కూసున్నడు."

"కబ్జా అంటే అయిపాయె గద," అన్నాను నేను.

"కబ్జా భూమికంటం అన్నా. ఇది మనమేసిన ఓటు సంగతి," అని కావ్య భిక్షం వైపు తిరిగింది. "కత్తి లేకున్నా గుంజుకునుడే మామా. మనం లేస్తున్నంత కాలం ఆయనకు కత్తితోని పనేమున్నది?"

సంగమ్మ అంది: "నేను లేవ. మీరూ లేవకుండ్రి. బాట పోతే మన పీనుగులను ఏడికి మోస్తం?"

గ్రామసభకు ముందే వెళ్లి ఆమె కుర్చీలో కూర్చుంది. మల్లేశ్ రాగానే మా కాళ్లు వాటంతట అవే లేవబోయాయి. భిక్షం సగం లేచాడు కూడా, పక్కవాళ్లు చొక్కా పట్టి లాగితే కూలబడ్డాడు.

"సంగమ్మా, జర జరుగు," అన్నాడు మల్లేశ్ నవ్వుతూ.

"ఈడ సర్పంచ్ కూసుంటది పటేలా. నువ్వు ఆ బల్ల మీద కూసో. బాట ఇయ్యం."

ఆ ఒక్క పూట ఊరు మాదే. గెలిచామనుకున్నాం, పిచ్చోళ్లం. సభలో అల్లరి చేయించిందని పైవాళ్లకు చెప్పి ఆమెను సస్పెండ్ చేయించారు. ఉపసర్పంచ్ మల్లేశ్ బామ్మర్ది, చార్జి అతనికి దక్కింది. గోడ లేచింది. చేవెళ్ల పొమ్మంటే పోయాం, మొయినాబాద్ పొమ్మంటే పోయాం. అంతా రూల్ ప్రకారమే ఉందన్నారు. ఇక ఎవరి కాళ్లు పట్టుకోవాలో కూడా తోచలేదు.

లచ్చవ్వ పోయింది. డప్పులతో పాడె మోసుకెళితే బాట మధ్యలో గోడ. పాడె దించి, ప్రాణం తిరిగి వస్తుందేమోనని చెవిలో మూడుసార్లు పిలిచే దింపుడుకళ్లం గోడకు అవతల ఉంది. భిక్షం ఇవతలే దించి, చెవి దగ్గర వంగి "అవ్వా" అని పిలిచాడు. రెండోసారీ పిలిచాడు. మూడోసారి పిలవలేదు, తలెత్తి గోడ వైపు చూశాడు.

ముందుగా సంగమ్మ గడ్డపార అందుకుంది. తర్వాత ఆడవాళ్లు, తర్వాత మేము. సందు పడేసరికి పోలీసు జీపు వచ్చింది.

"గోడ ఎవరు పగలగొట్టిండ్రు?" అన్నాడు ఎస్సై.

"సర్పంచ్ పగలగొట్టింది. సంగమ్మ. రాసుకో సారూ," అని ఆమే ముందుకొచ్చింది.

"నిన్ను తీసేసిండ్రు గద."

"ఓటేసినోళ్లు తియ్యలే."

ఆమెను జీపెక్కించారు. కావ్య ఏడుస్తూ వెంట పరుగెత్తింది. జీపు వెంట పోవాలో, పీనుగు దగ్గర ఉండాలో మాకు తెలియలేదు. జీపులోంచి సంగమ్మ తల బయటపెట్టింది.

"నా వెంట రాకుండ్రి. అవ్వను ఎత్తుండ్రి."

ఎత్తాం. పోలీసులు చూస్తుండగానే పాడె ఆ సందులోంచి అవతలికి దాటింది. వెనక వాడంతా నడిచింది.