పెద్దమ్మ పెట్టిన బూరె

ఉదయగిరిలో నాయనకు జబ్బు చేసిందని కబురొస్తే శీనమ్మ నాలుగేళ్ల కొడుకు ఆదినారాయణను ఆత్మకూరులో తోటికోడలి దగ్గర వదిలి వెళ్లింది. నాయన లేచి తిరగడం మొదలుపెట్టాక ఆమె వెనక్కి వచ్చేసరికి పిల్లవాడు తిండి మానేసి ఉన్నాడు.

మానేయడం కూడా మామూలుగా కాదు. అంతకుముందు ఆదినారాయణ గిన్నెలో ఏది కనబడితే అది నోట్లో వేసుకునేవాడు. ఇప్పుడు ఇడ్లీ పెడితే దాన్ని తుంచి, ఆ తుంపులను మళ్లీ చిదిపి, గోటితో నేలమీద పరిచి చూసేవాడు. చూసి, తినకుండా లేచిపోయేవాడు. అన్నం ముద్ద చేతిలో పెడితే మెతుకు మెతుకూ విడదీసేవాడు. అరటిపండును కూడా చీల్చి లోపల వెతికేవాడు. బలవంతాన నోట్లో కుక్కితే బుగ్గన పెట్టుకొని, పెద్దవాళ్ల చూపు మళ్లగానే పెరట్లో ఉమ్మేసేవాడు. గాజుగ్లాసులో పోసిన కొబ్బరినీళ్లు తాగేవాడు. బొరుగులు ఒక్కొక్కటే ఏరుకొని తినేవాడు. అంతే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది అది. శీనమ్మ మామ రామనారాయణ శెట్టికి ఆత్మకూరు బజారులో పప్పులూ బెల్లమూ అమ్మే పెద్ద అంగడి ఉండేది. అంగడి వెనకే ఇల్లు. ఇంట్లో వంట, పూజ, తాళాలు అన్నీ పెద్దకోడలు పద్మావతమ్మవి. మడి కట్టుకుంటే ఆమె నీడ కూడా తొక్కనిచ్చేది కాదు. కూతుళ్లిద్దరినీ అదే కట్టుబాటుతో పెంచి అత్తవారిళ్లకు పంపింది.

పిల్లవాడికి దిష్టి తీశారు. తాయెత్తు కట్టించారు. శీనమ్మ భర్త మల్లికార్జునం నెల్లూరు తీసుకుపోతే డాక్టరు కడుపులో నులిపురుగులన్నాడు. మందు తాగించినా మార్పు లేదు. బిడ్డను గారాబంతో చెడగొట్టావని, రెండు పూటలు ఎండగడితే వాడే దారికొస్తాడని పద్మావతమ్మ అంది. శీనమ్మ ఆ మాట మింగింది. బిడ్డను వదిలిపోయిన తప్పు తనదేనని ఆమె అప్పటికి నమ్ముతూ ఉంది.

గాలి మారితే తింటాడేమోనని వాణ్ని ఉదయగిరి తీసుకుపోయింది. ఆమె తల్లి కోటమ్మ, మనవడికి తీపంటే ప్రాణమని బూరెలు వండి పళ్లెంలో పెట్టింది. వాడు పళ్లెం వైపు చూశాడు. చూసి, ఒక్క ఉదుటున లేచి గాదె వెనక దూరి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

శీనమ్మ వాడి పక్కనే నేలమీద కూర్చొని, ఒళ్లోకి తీసుకొని, మెల్లగా అడిగింది.

"దాంట్లో కారం ఉండాది," అన్నాడు వాడు. "పెద్దమ్మ పెట్టింది. దేవుడి కాడిది తింటే అట్టే పెడతానంది."

కోటమ్మ గుండెలు బాదుకుంది. శీనమ్మ కంట చుక్క నీరు రాలేదు. వింజమూరు మీదుగా ఆత్మకూరు వచ్చే బస్సులో, నిద్రపోతున్న కొడుకును ఒళ్లో పెట్టుకొని, దారి పొడవునా పద్మావతమ్మ నోట్లో కారం కుక్కుతూనే ఉంది. మనసులో ఆమె జుట్టు పట్టుకుంది. దవడలు విడదీసింది. ఆ కళ్లు ఎర్రబడి, ముక్కు కారి, నీళ్ల కోసం చేతులు చాస్తుంటే చెంబు దూరంగా జరిపింది. బస్సు దిగేసరికి అంతకన్నా పెద్ద శిక్ష ఆమెకు తట్టింది.

మధ్యాహ్నం మగవాళ్లు భోజనాలకు కూర్చున్నప్పుడు అందరూ వినేలా జరిగింది చెప్పింది. పద్మావతమ్మ కాదనలేదు.

"ఒక్కటే పెట్టినాను," అంది. "దేవుడికి పెట్టకముందే ఎంగిలి చేస్తా ఉంటే ఎన్నిసార్లు చెప్పేది? బుద్ధొస్తాదని చేసినాను. ఇంత అవుతాదనుకోలేదు."

రామనారాయణ శెట్టి తింటున్న విస్తరి మడిచేశాడు. ఏం చేయమంటావని చిన్నకోడలినే అడిగాడు.

"వాడు మళ్లా అన్నం తినిందాకా రెండు పూటలా అక్కే పెట్టాల మామా. నడవలో, అందరి ముందరా. వాడు తినకుండా అక్క విస్తరి ముందర కూర్చోకూడదు."

మామ తల ఊపాడు.

మరునాటి నుంచి నడవలో పీట వేశారు. అంగడికి వచ్చిన ఆడవాళ్లు వాకిట్లో నిలబడి చూసేవాళ్లు. ఎవరినీ తాకని పద్మావతమ్మ గిన్నె పట్టుకొని పిల్లవాడి ముందు కూర్చునేది. వాడు ఆమెను చూడగానే గోడకు తిరిగేవాడు. ఆమె బతిమాలేది. కథలు చెప్పేది. చివరికి అన్నం ఎండిపోయి గిన్నెకు అంటుకున్నాక లేచి, మజ్జిగనీళ్లు తాగి పడుకునేది. బజారంతా చెప్పుకుంది. ఆమె చెంపలు లోపలికి పోయాయి. శీనమ్మ తలుపు పక్కన నిలబడి రోజూ తనివితీరా చూసింది.

ఆ ముచ్చట త్వరగా ముగిసిపోకూడదనుకుంది. అందుకే అన్నం వేళకు ముందు కొడుకును పెరట్లోకి తీసుకుపోయి, కొబ్బరినీళ్లు తాగించి, గుప్పెళ్లతో బొరుగులు పెట్టేది. ఆకలి చచ్చినవాడు పెద్దమ్మ వైపు చూస్తాడా? ఒకరోజు నీళ్లు పోస్తుంటే వాడి వీపున ఎముకలు చేతికి తగిలాయి. ఇంకొక్క వారం, అనుకుంది. వాడి ఒళ్లు తుడిచి మళ్లీ బొరుగులే తెచ్చింది.

ఒక మధ్యాహ్నం పద్మావతమ్మ గిన్నెకు బదులు పళ్లెంలో రెండు బూరెలు తెచ్చింది. పిల్లవాడు గోడకు అతుక్కుపోయాడు. ఆమె వాడిని పిలవలేదు. ఒక బూరెను విప్పి, లోపల ఎర్రగా నిండిన కారం వాడికి కనబడేలా పట్టుకుంది. తరవాత దాన్ని తన నోట్లో పెట్టుకొని పూర్తిగా నమిలి మింగింది. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు కారాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. నీళ్ల చెంబు పక్కనే ఉన్నా ముట్టలేదు.

పిల్లవాడు మెల్లగా ఇటు తిరిగాడు. ఆమె నోరు చూశాడు. దగ్గరికి వచ్చి, చెంబు రెండు చేతులా ఎత్తి ఇచ్చాడు.

ఆమె తాగింది. రెండో బూరెను విప్పి కింద పెట్టింది. లోపల బెల్లం పూర్ణం. వాడు వేలితో కెలికి, వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. కాసేపటికి బూరె అయిపోయింది.

ఇంట్లో అందరూ కళ్లు తుడుచుకున్నారు. శీనమ్మ తలుపు పట్టుకొని నిలబడింది. బస్సులో తాను తలుచుకున్న ముఖం అదే. ఆ ఎరుపు, ఆ నీళ్లు, ఆ దగ్గు. కాని తన చేత్తో కాదు. తనకు దక్కాల్సినదాన్ని ఆ మనిషి ముందుగానే తీసేసుకుంది. పైగా బిడ్డను కూడా తీసుకుంది. ఆ రోజు నుంచి ఏదైనా పెద్దమ్మ విప్పి చూపిస్తేనే వాడు తినేవాడు. తల్లి విప్పితే వేలు పెట్టి మళ్లీ వెతికేవాడు.

శీనమ్మ వేరు కాపురం అడిగింది. మామ, భర్త ఎంత చెప్పినా వినలేదు. చివరికి మల్లికార్జునం కలిగిరిలో అంగడి పెట్టాడు. అక్కడ మొదట పిల్లవాడు మళ్లీ పస్తున్నాడు, పెద్దమ్మ కావాలన్నాడు. శీనమ్మ పంతం విడవలేదు. ముద్దముద్దకూ విప్పి చూపించింది. తాను సగం తిని సగం పెట్టింది. బొరుగులు ఇంట్లోకి రానివ్వలేదు. వానలు పడేనాటికి వాడికి ఒళ్లు వచ్చింది.

తరవాతి ఏడు పద్మావతమ్మ ఒక్కతే బస్సెక్కి కలిగిరి వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. బిడ్డను ఒకసారి చూసిపోదామని వచ్చినానంది. శీనమ్మ పీట వేసింది. మంచినీళ్లిచ్చింది. బిడ్డ ఎక్కడున్నాడో చెప్పలేదు. వాడు పక్కింటి పెరట్లో ఆడుకుంటున్న అరుపులు ఇద్దరికీ వినబడుతూనే ఉన్నాయి.

పద్మావతమ్మ చాలాసేపు కూర్చుంది. లేచేముందు, "ఇంకా మనసులో ఉండాదా శీనమ్మా?" అని అడిగింది.

"బస్సుకు వేళయింది అక్కా," అంది శీనమ్మ.

ఆమె పోయాక పిల్లవాడు మట్టి కాళ్లతో పరుగెత్తుకొచ్చి, వాకిట్లో పీట చూసి, ఎవరొచ్చారని అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పి, పీట తీసి లోపల పెట్టి, శీనమ్మ వాడికి అన్నం కలిపింది.