బల్ల మీద పెట్టిన సంచి

సింగపూర్‌లోని యీషున్ హాకర్ సెంటర్‌లో, ఆ తిండికొట్ల మధ్య, బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళితే చాలు, తిండి తెచ్చుకునేదాకా ఆ చోటు మనదే. ఎవరూ ముట్టరు. చోప్ చేయడం అంటారు దాన్ని. హరిదాస్‌కి అది ఎంత అలవాటంటే, చెయ్యి దానంతటదే చేసేస్తుంది. కుస్కో పాత బజారులోనూ అలాగే చేసింది.

ఐటీ ఊపు మీదున్న రోజులు. అక్కడి వన్-నార్త్ ఐటీ పార్కులోని కంపెనీ ఏడాది సెలవు అడిగితే కాదనలేదు. కూతురు పునీతను వెంటబెట్టుకుని పెరూ వచ్చాడాయన. సున్నం లేకుండా పేర్చిన ఆ కొండ ఊరి రాతిగోడలు చూడాలని భార్య అరుణ చివరిదాకా అంటూనే ఉండేది. ఆమె గొంతు ఇప్పుడు ఒక్కచోటే మిగిలింది, సంచిలోని పాత ఫోనులో. "వచ్చేటప్పుడు కొత్తిమీర పట్రండి. మొన్నటిలా వాడిపోయింది తేకండి." అంతే. ఊరందరి డేటాకీ కాపీలు తీయించే ఉద్యోగం ఆయనది. దీనికి మాత్రం తీయలేదు. ఆమెను కూడా ఆఫీసు పనిలో కలిపేసినట్టుంటుందని.

సూప్ కొట్టు ముందు బెంచీ ఖాళీ అయింది. సంచి బల్ల మీద పెట్టి పునీతతో కలిసి వరసలో నిలబడ్డాడు.

"డాడీ, ఇది యీషున్ కాదు లా," అంది పునీత సింగపూర్ యాసలో.

"ఎదురుగానే ఉందిగా అమ్మా."

గిన్నె అందుకుని తిరిగేసరికి సంచి లేదు. నీలం చొక్కా కూలీ ఒకడు దాన్ని చంకన పెట్టుకుని గేటు వైపు వడివడిగా పోతున్నాడు. పునీత విమానంలో తండ్రికి నేర్పిన స్పానిష్ మాటలు మూడే: నీళ్లు, థాంక్స్, దొంగ. మూడోదే నోటికొచ్చింది.

"లద్రోన్!"

బజారంతా ఆ మాట కోసమే కాచుకున్నట్టు కదిలింది. మాంసం కొట్టువాడు చేతిలో కత్తి బల్ల మీద పెట్టి, కర్ర తీసుకుని వచ్చాడు. ఆపాటి దయ. మొదటి దెబ్బకే కూలీ మోకాళ్ల మీద పడ్డాడు. రెండోది నోటి మీద పడింది. ఎవరో జుట్టు పట్టి తల నేలకేసి కొట్టారు. రాతి పలక మీద అది గుళ్లో కొబ్బరికాయలా చప్పుడు చేసింది. ఆడవాళ్లు కూడా తన్నుతున్నారు. వెనకనుంచి తాడు వచ్చింది.

హరిదాస్ జనాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆయన కళ్లు వెతికింది మనిషిని కాదు, సంచిని. అది తెగి కాళ్ల మధ్య పడి ఉంది. ఫోను బయటికి దొర్లింది.

అప్పుడే సూప్ కొట్టావిడ గరిటెతోనే అరుస్తూ పరిగెత్తుకొచ్చింది. పునీత ఆమె మాట విని పాలిపోయింది.

"డాడీ, ఆవిడే ఇచ్చిందట. ఎవరో మర్చిపోయారని, గేటు దగ్గర గార్డుకి ఇమ్మని. అతను తియ్యలేదు డాడీ."

ఆవిడ అరుపు జనానికి ఎక్కలేదు. తాడు మెడకు పడింది. ఫోను హరిదాస్ చేతికి అందేంత దూరంలో ఉంది. దాని పక్కనే తలకు అడ్డం పెట్టుకున్న కూలీ చెయ్యి. వేళ్లు వంగకూడని వైపు వంగి ఉన్నాయి.

ఆయన మనిషికి అడ్డంగా పడ్డాడు.

కర్ర ఆయన వీపున దిగింది. పక్కటెముక విరిగిన సంగతి లోపల్నుంచి తెలిసింది. చెవి పక్కనే ఒక బూటు మడమ ఫోను మీద పడి, పటుక్కుమంది.

"సంచి నాది! నేనే పెట్టా అక్కడ!"

తెలుగు ఎవరికి అర్థమవుతుంది? అయినా సొమ్ము పోయినవాడే దొంగ మీద పడి కాస్తున్నాడని చూసి కర్ర ఆగింది.

"ఆగ్వా," అన్నాడు హరిదాస్. నీళ్లు. సూప్ కొట్టావిడ తెచ్చింది. కూలీని ఎలియో, ఎలియో అని పిలుస్తూ అతని నోట్లో రక్తం కడిగింది. టాక్సీ దాకా అతని కాళ్లు పట్టి మోసినవాడు మాంసం కొట్టువాడే, తల ఎత్తకుండా.

ఎలియో బతికాడు. ఫోను ముక్కలు పునీత ఏరి తెచ్చింది. అవి ఇక మాట్లాడవని ఇద్దరికీ తెలుసు.

క్షమించమనే మాట పునీత నేర్పలేదు. అడిగి నేర్చుకుని, మర్నాడు ఆసుపత్రికి వెళ్లి చెప్పాడు హరిదాస్. వినగానే ఎలియో గోడ వైపు తిరిగిపోయాడు.

గదిలో కుర్చీ లేదు. పక్కటెముక పట్టుకుని ఆయన నిలబడే ఉన్నాడు. చాలాసేపటికి, మొహం ఇటు తిప్పకుండానే, ఎలియో మంచం మీద కాస్త లోపలికి జరిగాడు.