అత్తగారిని చూడబోయిన ఆదివారం

పెళ్ళయ్యాక వచ్చిన రెండో ఆదివారం చర్చి నుంచి అటే మా అత్తగారిని చూడడానికి బయలుదేరాం. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. మా ఆయన రూఫస్ వాళ్ళ కుటుంబంలో కొత్త కోడలు మొట్టమొదట వెళ్ళవలసింది సమాధి దగ్గరికే. అక్కడ పువ్వులు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి, తన పేరు తనే పైకి చెప్పుకోవాలి. అలా చెప్పుకున్నాకే కోడలు ఇంటి మనిషి అయినట్టు.

ఆటోలో మామగారు ఎలియాజరు కావాలనే డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని వెనక సీటంతా మాకు వదిలేశారు. అనకాపల్లి దాటాక రోడ్డుకి రెండు పక్కలా చెరకు ఊగుతోంది. గాలికి నా కొంగు రూఫస్ మొహం మీద పడుతుంటే తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. చెప్పవలసిన మాటలు నేను లోలోపల అనుకుంటున్నాను. అత్తయ్యా, నేను అక్సాని. బీయస్సీ చదివాను. మీ అబ్బాయి గురక పెడతాడు, అయినా బాగున్నాడు.

"ఏటమ్మా, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అన్నారు మామగారు, వెనక్కి తిరిగి.

"అత్తయ్యతో మాట్లాడుతున్నాను మావయ్యా."

దిగేదాకా ఆయన మొహంలో వెలుగు తగ్గలేదు.

సబ్బవరం వెళ్ళే దారిలో ఒక కొండ కింద ఒకప్పుడు వాళ్ళ పేట ఉండేది. జనం పనుల కోసం ఒక్కొక్కరే పట్నం చేరాక పేట ఖాళీ అయిపోయింది. మామగారు మాత్రం ఏటా వచ్చేవారు. మోకాళ్ళు పట్టేయడంతో ఈ రెండేళ్ళూ రాలేకపోయారు.

సమాధుల దగ్గరికి వెళ్ళే కాలిబాట మొదలయ్యే చోట ఇప్పుడు దుంగలతో కట్టిన గేటుంది. దాని మీద జింక బొమ్మ. కింద "అడవిబాట విహారవనం, ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది" అని రాసి ఉంది.

"ఇదేటిది?" అన్నారు మామగారు.

"పార్కు నాన్నా. కొండకి అవతలి పక్కనన్నారు మరి," అన్నాడు రూఫస్.

టికెట్లు చింపేవాడి పేరు కన్నబాబట. మా చేతిలో పువ్వులు చూసి నవ్వాడు. "సమాధులా? అలాటివేటీ లేవు మామ. ఉయ్యాల ఉంది, ఎదురుబొంగుల పాక ఉంది. కొత్త జంటని పైకి తీసుకెళ్ళు, ఫొటోలు బాగొత్తాయి."

మామగారు నవ్వలేదు. చేతికర్ర ఆనించుకుంటూ గబగబా ముందుకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం లోపల అడుగు పెట్టగానే ప్రాణం లేచొచ్చింది. వాగు మీద కర్ర వంతెన ఉంది, నడిస్తే కిర్రుమంటుంది. నేను రెండుసార్లు అటూ ఇటూ నడిచాను. ఎవరో పిల్లాడు ఉడత కోసం మరమరాలు చల్లుతున్నాడు. బాట అంచున రెండు వైపులా గుమ్మడికాయంతేసి రాళ్ళు, తెల్లగా సున్నం కొట్టి వరసగా పేర్చారు. రూఫస్ చెయ్యి పట్టుకుని ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి అడుగులేస్తూ వెళ్ళాను.

మామగారు ఉయ్యాల దగ్గర ఆగిపోయి చుట్టూ తిరిగి చూస్తున్నారు.

"ఇక్కడ జీడిమావిడి తోపుండాల. తోపులో దిబ్బలుండాల," అన్నారు. నేలంతా చదునుగా ఉంది. గడ్డి పెరిగింది. రూఫస్‌కి గుర్తు తెలియదు. చిన్నప్పటి నుంచీ తండ్రి వెనకాలే నడిచి వచ్చాడు, అంతే.

ఆయన అప్పుడు నా కాళ్ళ వైపు చూశారు.

"దిగమ్మా."

"పడను మావయ్యా."

"దిగు తల్లీ. అవి మనోళ్ళ రాళ్ళు."

నేను దిగాను. ఆ పేటవాళ్ళు సిమెంటుతో సమాధులు కట్టించుకోగలిగిన వాళ్ళు కాదు. మట్టి దిబ్బ, తల దగ్గర ఒక కొండరాయి, అంతే. ఈస్టరు తెల్లవారుజామున అందరూ వచ్చి ఆ రాళ్ళకి సున్నం కొట్టేవారు.

రూఫస్ వెళ్ళి కన్నబాబుని పిలుచుకొచ్చాడు. విన్నాక అతని మొహంలో నవ్వు పోయింది.

"నేనొచ్చేతలికే ఈ బాట ఏసేసేరు మామ. మిషనుతో నేల సదును సేసేరంట. సున్నం కొట్టిన రాళ్ళు దొరికేయి, పని కలిసొచ్చిందని మేస్త్రీ అన్నాడు. ఎందుకు కొట్టేరో ఎవలూ అడగనేదు."

మామగారు సున్నం గీకడానికి జేబులోంచి తాళంచెవి తీసి ఒక రాయి ముందు కూలబడ్డారు. అత్తయ్య రాయి మీద ఆయన స్వయంగా ఉలితో సిలువ చెక్కారు. మిల్లులో బస్తాలు మోసిన చేతికి ఉలి కుదరక సిలువకి ఒక రెక్క పొడుగైందట. కింద 'సు' అని చెక్కారు, ఆవిడ పేరు సువార్తమ్మ కదా. ఏళ్ళ తరబడి కొట్టిన సున్నం పెచ్చులు కడితే ఆ గీతలు మూసుకుపోయాయి.

ముగ్గురం గీకడం మొదలుపెట్టాం. నేను జడపిన్ను తీసుకున్నాను. కొత్త పట్టుచీరంతా తెల్ల పొడి అయింది. కొన్ని రాళ్ళ మీద ఏమీ లేదు. ఒకదాని మీద 'దే' అని కనబడింది.

"దేముడు. తాటిచెట్టు మీంచి పడ్డాడు," అన్నారు మామగారు. తర్వాత ఒక చిన్న రాయిని అరచేత్తో తుడిచి, ఎవరిదో చెప్పకుండా పక్కకి జరిగారు.

నడిచేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. ఒకావిడ ఆగి, "ఏటెతుకుతన్నారమ్మా, ఉంగరం పోయిందా?" అంది. రూఫస్ తలెత్తకుండా అవునన్నాడు.

మలుపులో నా పిన్ను కింద ఒక గీత తగిలింది. పక్కనే ఇంకోటి, పొడుగ్గా. ఊదాను. 'సు'.

"మావయ్యా," అన్నాను.

ఆయన వచ్చి, రాయిని పెకలించి ఒళ్ళో పెట్టుకుని తువ్వాలుతో తుడిచారు. రూఫస్ కళ్ళు నీళ్ళతో నిండాయి. "దొరికింది కదా నాన్నా," అన్నాడు. నేను పువ్వులు తీసి, కొంగు తల మీదికి లాక్కున్నాను.

మామగారు నా చెయ్యి ఆపారు.

"రాయి ఇక్కడుంది గానీ, మీ అత్త ఇక్కడ నేదమ్మా." ఉయ్యాల వైపు చూశారు. పాక వైపు చూశారు. బాట పోయిన వైపు చూశారు. "ఎటు తిరిగి నీ పేరు సెప్తావు?"

పువ్వులు పట్టుకుని నేనూ చుట్టూ ఒకసారి తిరిగాను.

రూఫస్, "ఇంటికి పట్టుకెళ్దాం నాన్నా," అన్నాడు. కన్నబాబు నేల వైపు చూస్తూ, "పట్టుకెళ్ళండి మామ, నేను సూడనేదంటాను," అన్నాడు.

"ఒట్టి రాయిని ఇంటికి పట్టుకెళ్ళి ఏటి సేత్తాంరా. ఇక్కడైతే దేముడున్నాడు. మిగతావోళ్ళున్నారు."

మామగారు రాయిని తిరిగి దాని గుంటలో దించారు. సిలువ బయటికి కనబడకుండా మట్టి వైపు తిప్పారు. చుట్టూ మన్ను కూరి మడమతో తొక్కారు.

"వరస తప్పితే తీసి పారేత్తారు," అన్నారు. "సరిగ్గా ఉందేటో సూడమ్మా. నాకు కళ్ళానడం నేదు."

నేను నాలుగడుగులు వెనక్కి వేసి, వంగి, ఒక కన్ను మూసి చూశాను.

"కొంచెం లోపలికి మావయ్యా," అన్నాను.

ఆయన రెండు చేతులతో రాయిని లోపలికి నెట్టారు.