కాళ్ళెత్తని ఆదివారం

పొద్దున్నే దొమితీలా పొయ్యి మీద నూనె పెట్టి, సముద్రపొడ్డున అమ్మే రొట్టెలు వేయించడం మొదలుపెట్టిందో లేదో, గుమ్మంలోంచి బంతులు లోపలికొచ్చేశాయి. ఒకటి పీట కింద దూరింది, ఒకటి కోడిని తరిమింది, ఇంకొకటి తిన్నగా పొయ్యి దాకా వచ్చింది. ఆవిడ చీపురు తీసుకుని మూడింటినీ వీధిలోకి గెంటింది.

"ఒరేయ్ ఎవారిస్తో! లేస్తావా, నీ బంతుల్ని కూడా నూనెలో వెయ్యమంటావా?"

ఆవిడ కొడుకు ఎవారిస్తో దుప్పటి మొహమ్మీదికి లాక్కున్నాడు. పగలు చక్కెర మిల్లులో బస్తాలు మోస్తాడు, ఆదివారాలు ఊరి బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్. అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య, బంతి నేల మీద దూసుకొచ్చే చోట కాపలా కాసేవాడు. పుంతా గార్సా అనే ఆ ఊళ్ళో ఆ చోటు కోసం సొంత అన్నదమ్ములు కూడా కొట్టుకుంటారు.

ఆ ఊళ్ళో ఆటలో చేజారిన బంతి ఆగదు. ఆట అయిపోయినా, చీకటి పడినా, వదిలినవాడు పట్టుకునేదాకా దొర్లుతూనే ఉంటుంది. ఇంకెవరు పట్టుకున్నా చేపలా జారిపోతుంది. వాన వస్తే గొడుగు వేసుకుంటారు, బంతి వస్తే పక్కకి తప్పుకుంటారు, అంతే. మామూలుగా ఎవడి బంతిని వాడు మర్నాటికల్లా పట్టేసుకుంటాడు. కాకపోతే నడివీధిలో, అందరూ చూస్తుండగా, ఈ తప్పు నాదే అన్నట్టు వంగాలి. అదొక్కటే కష్టం.

ఎవారిస్తోకి ఇంకో కష్టం కూడా ఉంది. ఆ మధ్య ఒక బంతి రాయికి తగిలి పైకి లేచి వాడి ముందుపన్ను విరగ్గొట్టింది. అప్పట్నించీ బంతి దగ్గరికొస్తే చాలు, వద్దనుకున్నా మొహం పక్కకి తిరిగిపోతోంది. ప్రతి ఆదివారం ఒకటో రెండో కాళ్ళ మధ్యనుంచి జారిపోవడం, వీధుల మీద పడటం. ఊళ్ళో ఎక్కడ చూసినా వాడి బంతులే.

ఆ మధ్యాహ్నం కిరాణా కొట్టు ముందు నీడలో నలుగురు బల్ల మీద చుక్కల ముక్కలు పేర్చే దొమీనో ఆడుతున్నారు. వాళ్ళలో నికానోర్ దొమితీలాకి అన్న, జట్టుకి కోచ్. ఎవారిస్తో వచ్చి నిలబడేసరికి, తోలు నల్లబడి కుట్లు ఊడిన పాత బంతొకటి దొర్లుకుంటూ బల్ల కిందికొచ్చింది. నలుగురూ ఆట ఆపకుండానే కాళ్ళెత్తారు. అది వెళ్ళిపోయింది. కాళ్ళు దించారు.

అది నికానోర్ బంతి. వయసులో ఉండగా ఆయనా షార్ట్‌స్టాపే. ఫైనల్లో అది చేజారి ఊరికి కప్పు పోయింది. రాయి తగిలిందన్నాడు, ఎండ కళ్ళలో పడిందన్నాడు, వంగింది మాత్రం లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన ఎక్కడుంటే అక్కడికి మధ్యాహ్నం అది వస్తుంది, ఆయన కాళ్ళెత్తుతాడు.

"అల్లుడూ, ఈ ఆదివారం నుంచి మైదానం చివర కుడి మూలకి పో," అన్నాడు నికానోర్, తల ఎత్తకుండానే. "అటు బంతి రావడమే తక్కువ. పరువు దక్కుతుంది."

"ఎవరి పరువు మామా? నాదా, నీదా?"

"పొగరు తగ్గించు. నిన్న నీ బంతి తగిలి ఫాదర్ గారు చర్చి మెట్ల మీద పడబోయారు."

మంగలి లాలో పకపకా నవ్వాడు. "ఇంకో నాలుగు వదల్రా, బంతుల కొట్టు పెట్టుకోవచ్చు!"

"పెడతా. మొదటి బేరం నీదే," అన్నాడు ఎవారిస్తో. "మామా, విను. ఆదివారం నా చోట్లో నేనే నిలబడతా. ఒక్క బంతి చేజారినా, మూలకి కాదు, అసలు ఆటే మానేస్తా. గ్లౌజు తెచ్చి ఈ బల్ల మీద పడేస్తా."

"నలుగురి ముందు అన్నావ్."

"నలుగురి ముందే అన్నా!"

ఆ సాయంత్రమే గ్లౌజు తొడుక్కుని వీధిలో పడ్డాడు. చేపల బజారులో గుండ్రాళ్ళ మీద ఎగురుకుంటూ వస్తున్న మొదటి బంతికి వంగాడు. మొహం తిరిగిపోయింది, బంతి జారిపోయింది. చేపలమ్మే బిబియానా కడుపు పట్టుకుని నవ్వింది.

"బుట్ట ఇవ్వనా నాయనా? అందులోనైనా పడుతుందేమో!"

సిగ్గుతో వాడి చెవులు కాలిపోయాయి. అయినా తల దించలేదు.

"బుట్ట నీ దగ్గరే ఉంచుకో పిన్నీ! రేపూ వస్తా. కుర్చీ వేసుక్కూర్చుని మరీ చూడు!"

రోజూ వెళ్ళాడు, రోజూ నవ్వులపాలయ్యాడు. ఒకరోజు ఉక్రోషం పట్టలేక, బంతి కోసం ఆగకుండా, తిట్టుకుంటూ దాని మీదికే ఉరికాడు. అది ఎగిరేలోపే గ్లౌజులో ఉంది. అప్పటికి గానీ వాడికి తెలిసి రాలేదు. తను వెనక్కి వాలి నిలబడి చూస్తున్నంతసేపూ బంతి దానిష్టం వచ్చినట్టు ఎగురుతోంది. తనే ఎదురెళ్తే దానికీ ఎగరడానికి వ్యవధి లేదు, తనకీ మొహం తిప్పుకోవడానికి వ్యవధి లేదు. శనివారానికల్లా తన బంతులన్నీ పట్టి ఇంటికి తెచ్చాడు. అవి మంచం కింద కదలకుండా పడున్నాయి. దొమితీలా చీపురు మూలన పెట్టేసింది.

ఆదివారం పక్క ఊరి మిల్లు జట్టుతో ఆట ఆఖరికొచ్చింది. పుంతా గార్సా ఒక్క పరుగు ముందుంది. ఇంకొక్కణ్ణి ఔట్ చేస్తే గెలుపు. బంతి చేజారిందా, బేస్‌ల మీదున్న ఎదుటి జట్టువాళ్ళిద్దరూ పరిగెత్తుకొచ్చి ఆట పట్టుకుపోతారు.

బంతి ఎవారిస్తో వైపే వచ్చింది. వాడు ఎదురు ఉరికాడు. అది రాయికి కొట్టుకుని ఒక్కసారిగా లేచి వాడి దవడకి తగిలింది. వాడు మొహం తిప్పలేదు. కాళ్ళ దగ్గర పడ్డ బంతిని ఉత్త చేత్తో తీసి, కొట్టినవాడు చేరేలోపే మొదటి బేస్‌కి విసిరాడు. ఔట్!

జనం ఊగిపోయారు. ఎవారిస్తో నెత్తురు ఉమ్మి, పళ్ళన్నీ బయటపెట్టి అరిచాడు. "మామా! ఇంకో పన్ను పోయినా సరే, ఆ చోటు నాదే!"

అప్పటికి మధ్యాహ్నమైంది. పాత బంతి కంచె సందులోంచి దూరి, ఆటగాళ్ళ బెంచీ వైపు దొర్లుకుంటూ వస్తోంది. బెంచీ మీద అందరూ అలవాటుగా కాళ్ళెత్తారు. నికానోర్ ఎత్తలేదు.

"ఆ గ్లౌజు ఇలా తే," అన్నాడు.

"మామా, నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళు నావి. తే!"

నడిచి వెళ్ళి షార్ట్‌స్టాప్ చోట్లో నిలబడ్డాడు. బంతి వెనక్కి తిరిగి ఆయన మీదికొచ్చింది. వంగాడు. కాళ్ళ మధ్యనుంచి జారిపోయింది. మైదానమంతా గొల్లుమంది.

నికానోర్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "నవ్వండి! ఆ రోజు ఎండా లేదు, రాయీ లేదు. నేనే వదిలేశా. నాదే తప్పు. అయితే ఏంటంట?"

ఆ మాట అని, గ్లౌజు పట్టుకుని బంతి వెనకాలే గేటు దాటి పరిగెత్తాడు.

మర్నాడు మధ్యాహ్నం దొమీనో బల్ల దగ్గర, ఆ వేళకి లాలో, మిగతా ఇద్దరూ కాళ్ళెత్తారు. ఏమీ రాలేదు. ఏం చెయ్యాలో తోచక అలాగే కూర్చున్నారు. అంతలో మోకాళ్ళు దోక్కుపోయిన నికానోర్ కుంటుకుంటూ వచ్చాడు. పాత బంతిని తెచ్చి ముక్కల మధ్య పెట్టాడు. అది కదల్లేదు.

"ఇంక కాళ్ళు దించండ్రా," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ముక్కలు ఎవరు కలుపుతారు?"