గట్టి మైనం

హోటలు బల్లల మీద నిటారుగా నిలబడవలసిన కొవ్వొత్తులు వంటింటి గట్టు మీద ఒకదాని భుజాన ఒకటి వాలిపోయి ఉన్నాయి. హోటలాయన ఒకదాన్ని వేలితో పొడిచాడు. వేలు లోపలికి దిగింది. నూనె అంటింది.

"మా హోటల్లో తాగేది కస్టమర్లమ్మా, కొవ్వొత్తులు కాదు," అన్నాడు వేలు తుడుచుకుంటూ. "సాయంత్రానికి నిలబడేవి ఇస్తే సరేసరి. లేకపోతే ఇక మీ గుమ్మం తొక్కను. మీ చెల్లెలి పనితనం చూసి వచ్చేవాణ్ణి నేను."

ఆయన మెట్లు దిగేదాకా అమ్మ పక్కగది గడప దగ్గరే నిలబడి ఉంది.

"విన్నావుటే?"

"విన్నానమ్మా."

"చిట్టి పోయి రెండు నెలలు కాలేదు. దాని పేరు నిలువునా ముంచేశావు."

పెద్దమ్మాయి వాలిన కొవ్వొత్తుల్ని ఏరి పళ్ళెంలో పెట్టసాగింది. తప్పు తనదే. ఇంట్లో మైనం రెండు రకాలు ఉండేది. గ్లాసుల్లో పోసేది మెత్తటిది, అచ్చుల్లో పోసేది గట్టిది. రెండూ తెల్లటి రేకులే, రెండూ ఒకేలాంటి సంచుల్లో. చిట్టి వాటి మీద ఏమీ రాసుకోలేదు. గుప్పెడు తీసి పిసికి, ఏది ఏదో చెప్పేది. ఆ చేయి పోయాక సంచులు రెండూ మూగవైపోయాయి. కిందటి వారం పెద్దమ్మాయి గట్టి మైనమంతా, మెత్తటిది వాడవలసిన వాసన బిళ్ళలకు వాడేసింది. కొన్నవాళ్ళు రాళ్ళు అంటగట్టావని తిట్టిపోశారు. ఈసారి మెత్తటిది అచ్చుల్లో పోసింది. చెల్లెలి కొవ్వొత్తుల వాసన రావాలని అత్తరు రెట్టింపు కలిపింది. మైనం పీల్చగలిగినంత అత్తరే పీల్చుకుంటుంది. మిగిలింది చెమటలా బయటికి కక్కుతుంది.

దిద్దుబాటు ఏమిటో తెలుసు. మళ్ళీ కరిగించి గట్టి మైనం కలపాలి. దానితో అత్తరూ పలచబడుతుంది. కానీ ఇంట్లో గట్టి మైనం లేదు. మైనం అమ్మే కొట్టు ఇవాళ తెరవరు.

"దేవుడికి ఎంచుకోవడం చేతకాదు," అంది అమ్మ తువ్వాలు భుజాన వేసుకుంటూ. "ఇద్దరిలో ఒకర్ని తీసుకుపోవాలంటే నన్ను అడగొచ్చుగా. చెప్పేదాన్ని."

స్నానాలగది తలుపు మూసుకుంది.

పెద్దమ్మాయి ఆ తలుపు వైపు కాసేపు చూసింది. తర్వాత వెళ్ళి అమ్మ మంచం పక్కనున్న అలమార తెరిచింది. చిట్టి ఆఖరుసారి పోసిన కొవ్వొత్తులు మెత్తటి గుడ్డలో మూటకట్టి ఉన్నాయి. అమ్మ రోజూ పొద్దున్నే మూట విప్పి, వాసన చూసి, మళ్ళీ కట్టేది. ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పెద్దమ్మాయి ఒకదాన్ని గోటితో గీరింది. గీత పడలేదు.

వేడినీళ్ళ మీద పెట్టిన గిన్నెలో అవి ముందు అంచులు పోగొట్టుకున్నాయి, తర్వాత చతికిలబడ్డాయి, తర్వాత లేవు. ఒత్తులు పటకారుతో తీసి చెత్తబుట్టలో వేసింది. వాలిపోయినవాటిని ఒక్కొక్కటిగా అందులో వేసి కలిపింది. నిదానంగా, బుడగ లేవకుండా, చెల్లెలు కలిపినట్టే. ఇంట్లో ఎప్పుడూ ఉండే వాసనే కనుక అమ్మకు అనుమానం రాలేదు.

సాయంత్రానికి కొవ్వొత్తులు అచ్చుల్లోంచి టక్కుమని ఊడివచ్చాయి. అమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"అచ్చం చిట్టి చేసినట్టే ఉందే! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు ఈ చేతిని?"

అమ్మ అరచేయి ఆమె తల మీదికి వచ్చింది. ఆ బరువు కోసం పెద్దమ్మాయి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఇంట్లో కాచుకుని ఉంది. కళ్ళు మూసుకుంది.

"ఒక్కటి పక్కన ఉంచవే," అంది అమ్మ. "దాని మూటలో పెట్టుకుంటాను."

పెద్దమ్మాయి కళ్ళు తెరిచింది. అమ్మ చేతిలోని కొవ్వొత్తి మెల్లగా తీసుకుంది. హోటలాయన వచ్చినప్పుడు దాన్ని కూడా పెట్టెలో సర్ది ఇచ్చేసింది.

"ఒక్కటి ఉంచితే నీ సొమ్మేం పోయింది?" అమ్మ విసురుగా లేచింది. "పోనీలే. నా చిట్టివి నాకున్నాయి."

అలమార తలుపు కిర్రుమంది. పెద్దమ్మాయి గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉండగానే పాత కాగితంతో తుడవసాగింది. వెచ్చగా ఉన్నప్పుడైతే మరక మిగలదు.

అమ్మ ఖాళీ గుడ్డ పట్టుకుని వచ్చి నిలబడింది. గుడ్డను చూసింది, గిన్నెను చూసింది.

"నిలబడాలంటే గట్టిది కలపాలమ్మా," అంది పెద్దమ్మాయి. "నీకు నచ్చాయిగా."

అమ్మ చెప్పులు లేకుండా మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తింది. హోటలు బండి మలుపు తిరిగిపోయింది. తిరిగివచ్చి గిన్నె లాక్కుంది. అది అద్దంలా మెరుస్తోంది. అప్పుడు చెత్తబుట్ట ముందు చతికిలబడి, కూరగాయల తొక్కలు అటూ ఇటూ నెట్టసాగింది.

పెద్దమ్మాయి రేపటి గ్లాసుల కోసం మెత్తటి మైనం కొలుచుకుంటోంది.

"అడుగున చూడమ్మా," అంది తలెత్తకుండా. "ఒత్తులన్నీ అందులోనే ఉన్నాయి."