అయిదో గొట్టం

అతన్ని అందరూ గొట్టాలాయన అనేవారు. పెట్రోలు బంకుల కింద పాతిన ట్యాంకులు కారి నేల చెడిన చోటల్లా రంధ్రాలు వేసి, ప్లాస్టిక్ గొట్టాలు దింపి, లోపలి నీళ్లు తోడి చూడడం అతని పని. ఇరవై రెండేళ్లుగా అదే. పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే "నేల కడుపులో ఏముందో చూస్తుంటాను" అనేవాడు, పెద్ద డాక్టరులా కాలు మీద కాలేసుకుని. ఆ ధీమాయే అతని కొంప ముంచింది. అతనిదొక్కటే మునిగుంటే ఇంత చెప్పుకునే పనే లేదు.

అతని అక్క ఉండే వీధి మలుపులో ఒక బంకు ఉంది. మూడేళ్ల కిందట దాని ట్యాంకుకు చిల్లు పడిందని బయటపడింది. అప్పటికి ఎన్నాళ్లుగా కారుతోందో ఎవరికీ తెలియదు. ట్యాంకును పెకలించి, కంపుకొట్టే మట్టిని లారీలకెత్తారు. మిగిలిన పెట్రోలు ఎంతదూరం పాకిందో తెలియాలని బంకు దగ్గర మొదలుపెట్టి వీధి పొడుగునా అయిదు గొట్టాలు దింపారు. మొదటి నాలుగింట్లోనూ పెట్రోలు కనిపించింది. అయిదోది అక్క ఇంటి గోడ పక్కన. దాని నీళ్లు మూడు నెలలకోసారి పరీక్షకు పంపితే ప్రతిసారీ శుభ్రమనే వచ్చింది. గొట్టం శుభ్రంగా ఉంటే బావులను విడిగా పరీక్షించనక్కర్లేదని ఆఫీసువాళ్ల పద్ధతి. అందుకని నాలుగో గొట్టం దాకా ఉన్న ఇళ్లకు ట్యాంకర్లు ఏర్పాటు చేసి, అవతలి పదకొండు ఇళ్లవాళ్లను మీ బావులు మీరు నిశ్చింతగా వాడుకోండన్నారు. ఆ కబురు ఇంటింటికీ తిరిగి చెప్పింది గొట్టాలాయనే. అందులో మొదటి ఇల్లు అక్కదే.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. నేలలో నీళ్లు ఎన్నడూ లేనంత కిందికి దిగాయి. ఆ పొద్దున అయిదో గొట్టం మూత తీశాడో లేదో గుప్పున వాసన కొట్టింది. సన్నటి ప్లాస్టిక్ చేదను తాడుతో దింపి పైకి లాగాడు. నీళ్ల మీద రెండు వేళ్ల మందాన పెట్రోలు పసుప్పచ్చగా తేలుతోంది. ఈ పనంతా చూసే ఇంజనీరమ్మను కేకేశాడు.

ఆమె పరుగున వచ్చింది. అతని కూతురంత వయసు ఉంటుంది ఆ పిల్లకి.

"అయ్యో, ఇక్కడిదాకా వచ్చేసిందన్నమాట. నీళ్లు తగ్గేసరికి బంకు వైపు నుంచి జరిగినట్టుంది. పోన్లెండి, రాగానే దొరికిపోయింది. ఇవాళే బావులు ఆపించేద్దాం" అంది.

రాగానే! ఎంత చల్లటి మాట. ఆ మాట పట్టుకుని ఊరుకుంటే చాలు, అతని వంక వేలెత్తి చూపేవాడు ఉండడు.

కానీ సంగతేమిటో అతనికి తెలుసు. పెట్రోలు నీళ్లలో మునగదు, పైన తేలుతుంది. అందుకే గొట్టానికి నీళ్లు చొరబడే చీలికలున్న భాగం నీటిమట్టానికి కాస్త పైనుంచి మొదలవ్వాలి. అప్పుడే తేలేది లోపలికి వస్తుంది. కొత్తగా పనిలో చేరిన ప్రతివాడికీ ఈ ముక్క అతనే నేర్పుతాడు, నెత్తిన మొట్టి మరీ. అంతటి పంతులు మూడేళ్ల కిందట ఏం వెలగబెట్టాడయ్యా అంటే, అయిదో రంధ్రం దగ్గరికి వచ్చేసరికి వ్యానులో చీలికల గొట్టం ఒక్క ముక్కే మిగిలింది. చీలికలు నీటిమట్టం పైదాకా రావాలంటే రెండు కావాలి, ఇంకోటి తేవాలంటే గోదాము దాకా వెళ్లి రావాలి. అప్పటికే అక్క గోడ మీంచి తొంగి చూసి "అన్నం చల్లారిపోతోందిరా" అని రెండోసారి కేకేసింది. ఉన్న ముక్కను అడుగున పెట్టి, దాని పైన చీలికల్లేని ఉత్త గొట్టం తగిలించి దింపేశాడు. చీలికలన్నీ నీటిమట్టానికి రెండు మీటర్ల కిందికి పోయాయి. కాగితం మీద మాత్రం మిగతా నాలుగింటి కొలతలే దీనికీ రాసేశాడు. అక్క వీధిలో పెట్రోలు ఉండకూడదని ఎంత గట్టిగా అనుకున్నాడంటే, లేదనే నమ్మేశాడు. ఆ తర్వాత చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. అప్పటినుంచీ లోతున ఉన్న మంచినీళ్లే పరీక్షకు వెళ్తున్నాయి. ఇళ్లవాళ్లు బావుల్లో తోడుకునేవి మాత్రం పైనీళ్లు.

మేనకోడలికి పదిహేడేళ్లు. ఏడాదిగా పిల్ల పాలిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, చిన్న దెబ్బకే ఒంటి మీద నల్లగా కమిలిన మచ్చలు. డాక్టరు రక్తం తక్కువని మాత్రలు మారుస్తూనే ఉన్నాడు. పెట్రోలు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఒంట్లో రక్తం పుట్టే చోటే చెడవచ్చని గొట్టాలాయనకు తెలుసు. ఇది ఇప్పుడే వచ్చిందని కాగితం చెబితే, ఆ డాక్టరు ఇంకా ఎన్నాళ్లు మాత్రలు మారుస్తాడో! నిజం చెబితే ఇన్నేళ్ల పేరూ ఉద్యోగమూ మట్టిలో కలుస్తాయి. వాటి సంగతి అలా ఉంచి, అక్క ముఖం ఎలా చూడాలి?

"మేడం, ఇది ఇప్పుడు రాలేదు" అన్నాడు.

"అంటే?"

"మొదటినుంచీ ఉంది. చీలికలు మరీ కిందికి పెట్టాను. ఇప్పుడు నీళ్లు అక్కడిదాకా దిగాయి కాబట్టి కనబడింది."

"కాగితంలో సరిగ్గానే ఉంది కదండీ?"

"అబద్ధం రాశాను."

ఆ పిల్ల అరిచి ఉంటే బాగుండేదనిపించింది అతనికి. చేతిలోని మ్యాపును విప్పి, పదకొండు ఇళ్లకు ఇవతల, పెట్రోలు అక్కడితో ఆగిందని చూపే గీత మీద వేలు పెట్టింది. "మీ కొలతలు చూసే ఈ గీత గీశాను" అంది. మ్యాపు మడిచేసింది. "ఆఫీసుతో నేను మాట్లాడతాను. ముందు మీ అక్కగారి దగ్గరికి వెళ్లండి."

అక్క గిన్నెలు కడుగుతోంది. అతను వెళ్లి బావి నీళ్లు వచ్చే కుళాయి కట్టేశాడు.

"ఏరా, నీళ్లెందుకు కట్టేశావ్?"

చెప్పాడు. గొట్టం, చీలికలు, కాగితం, అన్నీ చెప్పాడు. అక్క సబ్బు చేతులతోనే నేల మీద కూలబడింది.

"మూడేళ్లా?"

"మూడేళ్లు."

"నేను అన్నానికి పిలిచాననా?"

"కాదక్కా. నా పొగరు. నాకు తెలియంది ఉంటుందా అనే పొగరు."

అక్క లేచి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "డాక్టరుకు నీ నోటితోనే చెప్పు" అంది.

పిల్లను వెంటబెట్టుకుని వెళ్లారు. డాక్టరు అంతా విని, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ ముక్క ఏడాది కిందట తెలిసుంటే వేరే పరీక్షలు చేయించేవాణ్ని" అని, పెద్దాసుపత్రికి ఉత్తరం రాసిచ్చాడు. నయమవుతుందా అని అక్క అడిగింది. పరీక్షలు కానివ్వండి అన్నాడాయన. పిల్ల మేనమామ చేయి పట్టుకునే బయటికి నడిచింది. ఆ చేతిని వదిలించుకుని ఎటైనా పారిపోవాలనిపించింది అతనికి.

పిల్లను బావతో ఆసుపత్రికి పంపేశాక "పద" అంది అక్క. "అప్పుడు ఎన్ని గుమ్మాలెక్కి చెప్పావో, ఇప్పుడూ అన్నీ ఎక్కు. నేనూ వస్తాను."

పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది. మెడలో టేపుతో అలాగే తలుపు తీసింది. గొట్టాలాయన తల దించుకుని, జరిగిందంతా చెప్పాడు. ఆవిడ ఉలిక్కిపడుతుందనుకున్నాడు. ఆవిడ మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంది.

"వాసన మాకు మొదటి ఏడాది నుంచే వస్తోందండీ. అప్పుడే మీ అక్కగారితో అన్నాను. 'మా తమ్ముడు దగ్గరుండి చూశాడు, నీ ముక్కుకేం తెలుసు' అంది. వీధిలో ఎవరు అనుమానపడినా అదే మాట. మేమూ నమ్మాం. సొంత మేనకోడలు తాగే నీళ్లు కదా, మీరు చూడకుండా చెబుతారా అనుకున్నాం."

అక్క గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నాకూ వచ్చేది వాసన" అంది ఆవిడతో, మెల్లగా.

తమ్ముడి వంక చూడలేదు. "ఇంకా తొమ్మిది ఇళ్లున్నాయి" అని మెట్లు దిగింది.