తప్పు మీద తడి వేలు

బకెట్ నీళ్లలో ఫినాయిల్ కలిపి రేణుక ఎనిమిదో తరగతి వరండా తుడుస్తోంది. ముప్ఫై ఏళ్లకే నడుం వంగింది. అరికాళ్ల పగుళ్లలో పాత సిమెంటు ఇంకా వదల్లేదు. లోపల గోడకున్న పెద్ద డిజిటల్ తెరను రోజూ పొడిగుడ్డతో తుడిచేదీ ఆమే. దానికి వేలు తగలొద్దని బడి కమిటీ పెద్ద వెంకటన్న మొదటిరోజే హెచ్చరించాడు. అతను ఏది చెప్పినా ఆమె తల ఊపుతుంది. ఈ పని పోతే మళ్లీ కూలికి పుణె బస్సే. తన చదువు ఆరో తరగతిలో తెగింది. కూతురు తేజస్వినిది ఎనిమిదిలో తెగుతుందేమోనని ఆమెకు కంటి మీద కునుకుండదు.

ఆ పూట సాంసన్ సారు ఇంటర్నెట్‌లోంచి సాంఘికశాస్త్రం పాఠం పెట్టాడు. వెంకటన్న కూడా చూడటానికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తెర మీద ఒక వాక్యం వచ్చింది: 'వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు అక్కడి బడుల్లో చదువు కొనసాగిస్తారు.' కింద ఒప్పు, తప్పు. పిల్లలంతా ఒప్పు అన్నారు. తెర మీద కనబడితే నమ్మేయడమేనా, ఎవరినడిగితే నిజం తెలుస్తుందని సారు అడిగాడు.

"మా అమ్మనడుగుదాం సార్," అంది తేజస్విని.

రేణుక పిల్లను లోలోపల తిట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. తెల్వదు సార్ అందామనుకుంది. వెంకటన్న మీసం కింద నవ్వుతున్నాడు. అప్పట్లో కూలీలను తోలుకుపోయే గుంపుమేస్త్రీ అతనే. చిన్నప్పుడు తనను పుణె బస్సెక్కిస్తూ నవ్వింది కూడా ఈ నవ్వే.

"ఆడ బడుంటదని నువ్వే అంటివి గదన్నా. పుస్తకాల సంచి సుత తెచ్చుకొమ్మంటివి. ఏడున్నది బడి? గా సంచిలనే ఇసుక మోయిస్తివి."

రేణుక నేరుగా పోయి, తడి వేలితో 'తప్పు' మీద గట్టిగా నొక్కింది. తెర ఎర్రబడింది. 'మీ సమాధానం సరికాదు. మళ్లీ ప్రయత్నించండి.'

వెంకటన్న తొడ చరిచాడు. "మిషన్ సుత నీదే తప్పంటున్నది సూడు."

"గా మిషన్‌కు సుత నీ అసుంటోడే ఎవడో చెప్పిండు."

పిల్లలు నవ్వారు. సారు నవ్వలేదు. సుద్దముక్క తీసి, 'ఈ పాఠం రాసిందెవరు? ఎవరినడిగి రాశారు?' అని బోర్డు మీద రాశాడు.

సాయంత్రానికి కమిటీ నుంచి కబురొచ్చింది, రేపట్నుంచి ఊడ్చడానికి వేరే మనిషి వస్తుందని. సారు అడ్డుపడ్డాడు గానీ వినే దిక్కు లేదు. రేణుక బకెట్ బోర్లించి, చీపురు మూలకు ఆనించింది. గేటు దగ్గర కూతురు, నా వల్లనే గదమ్మా, అంటూ కళ్లు తుడుచుకుంది.

"ఏడ్వకు. నేనేడున్నా నువ్వు బడికి రావాలె. గిట్లనే అడగాలె."

వాళ్లు వెళ్లాక గది ఖాళీ అయింది. ఆపేసిన తెర నల్లగా ఉంది. దాని మీద ఫినాయిల్ నీళ్లు ఆరి, తెల్లగా ఒక్క వేలిముద్ర.